ఒట్టో వాలక్ : సుగంధ తైలముల శాస్త్రమునకు పునాది వేసిన రసాయనవేత్త

వాము, సోపు, ఏలకులు, లవంగములు, పుదీనా, నిమ్మగడ్డి, కర్పూరము - వీని వాసన యెఱుగనివారు మన దేశమున నుండరు. పసిబిడ్డకు కడుపునొప్పి వచ్చినచో వామును, పన్ను సలిపినచో లవంగ తైలమును, జలుబు చేసినచో నీలగిరి తైలమును మన తల్లులకు వెంటనే జ్ఞప్తికి వచ్చును. పరిశుద్ధ గ్రంథమును చదువువారికి తూర్పుదేశపు జ్ఞానులు తెచ్చిన సాంబ్రాణియు బోళమును, బేతనియలో మరియ ప్రభువు పాదములకు పూసిన జటామాంసి అత్తరును తెలిసినవే. ఆ అత్తరు వెల 300 దేనారములు. అనగా ఒక కూలివాని యించుమించు సంవత్సరపు కూలి. ఇన్ని వేల యేండ్లుగా మనుష్యులు సువాసనలను కొనుచు, అమ్ముచు, మందుగా వాడుచు వచ్చిరి. కాని యా వాసన యే పదార్థమువలన కలుగుచున్నది, నిమ్మతొక్కలోని నూనెకును సరళవృక్షపు నూనెకును గల చుట్టఱికమేమి, యని యడిగినచో స్పష్టముగా బదులు చెప్పగలవారు 1884 వ సంవత్సరమునకు ముందు లేరు. ఆ చిక్కును విడదీసిన జర్మను పండితుడు ఒట్టో వాలక్. ఆయన చరిత్రమును మన విద్యార్థులు తెలిసికొనదగినదని తలంచి యిక్కడ సంగ్రహముగా వ్రాయుచున్నాను.

చరిత్రమునకు ముందు ఆ తైలముల స్వభావమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. నువ్వుల నూనె, ఆముదము, కొబ్బరినూనె గానుగలో నాడించిన వచ్చును. ఒక తెల్లని కాగితముపై ఆముదపు బొట్టు నొకటి, దాని ప్రక్కన లవంగ తైలపు బొట్టు నొకటి వేసి చూడుడు. ఆముదపు మరక ఎన్నినాళ్లయినను పోదు. లవంగ తైలపు మరక క్రమముగా గాలిలో గలిసిపోవును. మొదటిది నిలుకడ గల నూనె, రెండవది ఎగిరిపోవు నూనె. ఈ యెగిరిపోవు గుణమే వాసనకు కారణము. గాలిలోనికి లేవని పదార్థమును ముక్కు కనిపెట్టజాలదు గదా. మొక్కలు ఈ తైలమును ఆకులలోను, తొక్కలలోను, గింజలలోను గల చిన్న చిన్న తిత్తులలో దాచుకొనును. కమలాపండు తొక్కను దీపము దగ్గఱ వంచి నొక్కినచో చిటచిటయని చిన్న మెఱుపులు లేచుట మీలో చాలమంది చూచియుందురు. ఆ తిత్తులు పగిలి తైలపు తుంపరలు మంటలో పడుటయే దానికి కారణము.

ఈ తైలమును తీయుట కన్నిటికంటె మేలైన పద్ధతి ఆవిరితో బట్టీ పట్టుట. ఆకును గాని గింజను గాని కుండలో నుంచి దానిగుండ నీటి యావిరిని పంపినచో ఆవిరితోపాటు తైలమును లేచి, చల్లని గొట్టములో మరల ద్రవమై, పాత్రలో నీటిపైని తెట్టువలె తేలును. (లవంగ తైలము మాత్రము నీటికంటె బరువుగాన అడుగున చేరును.) ఇందులో నొక వింత యున్నది. నిమ్మతొక్కలోని ముఖ్య ద్రవము విడిగా మరుగవలెనన్న 176 డిగ్రీల వేడి కావలెను. నీటికి 100 డిగ్రీలు చాలును. రెండును కలిసియున్నప్పుడు మాత్రము 100 డిగ్రీలకు లోపుగనే రెండును కలిసి పైకి లేచును. ఒకదానితో నొకటి కరగని ద్రవములు రెండు నొకే పాత్రలో నున్నప్పుడు, దేని యావిరి ఒత్తిడి దానిదే; రెండు ఒత్తిడులును కూడి గాలి ఒత్తిడిని త్వరగా నెగ్గును. అందుచేతనే మిక్కిలి సుకుమారమైన తైలములు సయితము మాడిపోకుండ చేతికి వచ్చుచున్నవి. నిమ్మ, నారింజ తొక్కల తైలమును నొక్కి పిండుట యొక పద్ధతి. మల్లెజాతి పూలకు ఆవిరి పనికిరాదు. దక్షిణ ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణములో వానిని చల్లని క్రొవ్వుపై పఱచి, వాసనను క్రొవ్వులోని కెక్కించి, పిదప సారాయితో దానిని వేఱుచేయుచుండిరి. గులాబి అత్తరు విషయమై యొక మాట: ఒక కిలోగ్రాము తైలమునకు కొన్ని వేల కిలోగ్రాముల పూలు కావలెను. అత్తరు వెల విని ఆశ్చర్యపడువారు ఈ లెక్కను గుర్తుంచుకొనవలెను.

ఇక మన కథానాయకుని కడకు వత్తము. ఒట్టో వాలక్ 1847 వ సంవత్సరము మార్చి 27 వ తేదిన తూర్పు ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గు నగరమున జన్మించెను. తండ్రి గెర్హార్డు వాలక్ ప్రభుత్వమున పెద్ద యుద్యోగి. ఆయన యూదుల వంశమునకు చెందినవాడు. ఆ కుటుంబము లూథరను సంఘములో చేరియుండెను. తల్లి జర్మను ప్రొటెస్టంటు స్త్రీ. తండ్రికి ఉద్యోగములో మార్పులు వచ్చుటచే కుటుంబము మొదట స్టెట్టినుకును, 1855 లో పోట్స్‌డాం పట్టణమునకును చేరెను. బాలుడు అక్కడి ఉన్నత పాఠశాలలో చదివెను. ఆ కాలపు జర్మను పాఠశాలలలో లాటిను, గ్రీకు భాషలకు పెద్దపీట. ప్రకృతి శాస్త్రములకు ఒక మూల. వాలకునకు సాహిత్యమన్నను, చిత్రకళా చరిత్రమన్నను మిక్కిలి యిష్టము. ఆ యిష్టము కడవఱకు నిలిచెను. అయినను పాఠశాలలో దొరకని రసాయన శాస్త్రమును ఇంటివద్ద స్వంతముగా ప్రయోగములు చేసి నేర్చుకొనుచుండెను. పాఠ్యక్రమములో లేనిదానిని నేర్చుకొన గూడదని యెవ్వరును శాసింపలేదు గదా.

1867 లో, ఇరువది యేండ్ల వయస్సున, ఆయన గోటింగెన్ విశ్వవిద్యాలయమున చేరెను. యూరియాను ప్రయోగశాలలో తయారుచేసి పేరుగన్న వోలర్ అప్పటికి అక్కడి పెద్ద గురువు. నడుమ నొక అర్ధసంవత్సరము బెర్లినుకు పోయి హోఫ్‌మన్ వద్ద చదివి, మరల గోటింగెనుకే వచ్చెను. అక్కడి ప్రయోగశాలలో పని ఉదయము 7 గంటలకు మొదలయ్యెడిది. సాయంకాలము 5 గంటలకు గ్యాసు దీపములను ఆర్పివేసెడివారు. జర్మను దేశపు శీతకాలమున ఆ వేళకు చీకటి పడును. పని పూర్తికానివారు తమ డబ్బుతో క్రొవ్వొత్తులు కొని తెచ్చుకొని, ఆ మినుకు మినుకు వెలుతురులో ప్రయోగములు సాగింపవలసివచ్చెను. వాలక్ అట్లే చేసెను. అయిదు అర్ధసంవత్సరములలోనే, అనగా 1869 లో, హ్యూబ్నరు వద్ద పరిశోధన ముగించి డాక్టరు పట్టమును పొందెను.

పిమ్మట బెర్లినులో కొలదికాలము సహాయకుడుగా నుండి, 1870 లో బాన్ నగరమునకు పోయి కెకులే యను మహాపండితుని ప్రయోగశాలలో చేరెను. బెంజీను పరమాణువులు ఉంగరమువలె కూడియుండునని చెప్పినవాడు ఈ కెకులేయే. కాని ఆ యేడే జర్మనులకును ఫ్రెంచివారికిని యుద్ధము పుట్టెను; వాలక్ సైన్యములో చేరవలసివచ్చెను. యుద్ధము ముగిసిన పిదప బెర్లినులో క్రొత్తగా పెట్టిన రంగుల కర్మాగారమున నుద్యోగము దొరకెను. మంచి జీతము, మంచి భవిష్యత్తు. అయితే ఆయన దేహము బలహీనమైనది. కర్మాగారములోని ఘాటైన వాయువులు ఆయన కూపిరి నిలువనీయలేదు. ఆ యుద్యోగమును వదలి 1872 లో మరల బానుకే వచ్చి, తక్కువ జీతముపై సహాయక పదవిలో కుదురుకొనెను. 1876 లో ఉపాచార్యుని వంటి స్థానము దొరకెను. అప్పటికి ఆయన చేసిన పరిశోధనలు చక్కనివే యైనను, లోకము జ్ఞాపకముంచుకొనదగినవి కావు.

ఆయన జీవితమును మలుపు త్రిప్పినది తాను కోరని పని. 1879 లో విశ్వవిద్యాలయమువారు ఆయనకు ఔషధ శాస్త్రమును బోధించు బాధ్యతను అప్పగించిరి. ఆ శాస్త్రమును ఆయన ప్రత్యేకముగా నేర్చినవాడు కాడు. మనలో ఉపాధ్యాయవృత్తి నున్నవారికి ఈ యవస్థ బాగుగ తెలియును: తానెఱుగని విషయమును మఱునాటి తరగతికి సిద్ధము చేయవలెనన్న రాత్రియెల్ల దీపము ముందు కూర్చుండక తప్పదు. వాలక్ మందుల గ్రంథములను మొదటినుండి చదువ నారంభించెను. అందులో అడుగడుగునకు సుగంధ తైలములు కనబడెను. ఒక్కొక్క దాని రంగు, వాసన, మరుగు వేడి మాత్రమే వ్రాసియుండెను. లోపల నేమియున్నదో యెవ్వరును చెప్పలేదు. విద్యార్థులకు తాను చెప్పవలసినదే తనకు అర్థము కాకుండెను. ఈ యసంతృప్తియే పరిశోధనకు మొదలు.

కెకులే ప్రయోగశాలలో ఒక పాత బీరువా యుండెను. దానిలో రకరకముల సుగంధ తైలముల సీసాలు ఏండ్ల తరబడి మూతలు విప్పకుండ పడియుండెను. ఎప్పుడో పరిశోధించుటకని చేర్చినవి. ఎవ్వరును వానిని ముట్టలేదు. వాలక్ వానిని తనకిమ్మని కోరగా కెకులే యనుమతించెను. ఆ సీసాలనుండి ఏమైనను తేలునని గురువునకు నమ్మకము లేకున్నను, శిష్యునకు అడ్డు చెప్పలేదు. 1884 లో మొదటి ఫలితములు వెలువడినప్పుడు వాలకునకు 37 యేండ్లు. ఆ వయస్సులో క్రొత్త రంగములో అడుగుపెట్టుటకు చాలమంది వెనుదీయుదురు.

ఆ కాలపు గందరగోళము ఎట్టిదో చెప్పిననే గాని ఆయన పని యొక్క విలువ తెలియదు. ఈ తైలములలో చాలవానియందు 10 కార్బను పరమాణువులును 16 హైడ్రోజను పరమాణువులును గల ద్రవములు ఉండునని డ్యూమా మొదలగు ఫ్రెంచి పండితులు ముందే కనుగొనియుండిరి. టర్పెంటైను నూనె పేరునుబట్టి వానికి టెర్పీనులని పేరు. అయితే ఏ మొక్కనుండి తీసినవారు ఆ మొక్క పేరు పెట్టిరి. నిమ్మ తైలములోనిది సిట్రీను, నారింజలోనిది హెస్పెరిడీను, సీమ జీలకఱ్ఱలోనిది కార్వీను, రబ్బరును కాల్చగా వచ్చినది కౌచీను - ఇట్లు లెక్కకు మిక్కిలి పేర్లు. అన్నిటిలోను పరమాణువుల లెక్క యొక్కటే. మరుగు వేడిమి దగ్గఱదగ్గఱగా నుండుటచే వేఱుచేయుట కష్టము. కొంచెము ఆమ్లము తగిలినను ఒకటి మఱియొకటిగా మాఱిపోవును. ఒక యూరిలో నొకే మనిషిని ఇంటికొక పేరున పిలిచినచో పోస్టుమాను ఎంత తికమక పడునో, రసాయనవేత్తలు అంత తికమక పడుచుండిరి.

వాలక్ యుపాయము పైకి సామాన్యముగా కనబడును. ద్రవములను చూచి పోల్చుట కష్టమైనచో, వానిని స్ఫటికములుగా మార్చి పోల్చవచ్చును. బ్రోమినును గాని, హైడ్రోజను క్లోరైడు వాయువును గాని, నైట్రోసిల్ క్లోరైడును గాని టెర్పీనుతో కలిపినచో కొన్నిట చక్కని ఘనస్ఫటికములు ఏర్పడును. స్ఫటికములను మరల మరల కడిగి శుద్ధి చేయవచ్చును. అవి ఏ వేడివద్ద కరగునో ఖచ్చితముగా కొలువవచ్చును. ఆ కరగు వేడి మనుష్యుని వ్రేలిముద్ర వంటిది. ఇట్లు పోల్చిచూడగా సిట్రీనును, హెస్పెరిడీనును, కార్వీనును వేఱువేఱు కావు, అన్నియు నొక్కటే యని తేలెను. దానికి లిమొనీను అని పేరు నిలిచెను. నులిపురుగుల మందుగా వాడెడి మాచిపత్రి జాతి మొగ్గల తైలమునుండి సినియోలు అను పదార్థమును తీసి దాని నిజస్వరూపమును తెలిపెను. నీలగిరి తైలములో ప్రధానముగా నుండునదియు అదియే. కొలది సంవత్సరములలోనే ఆ పేర్ల గుంపంతయు తఱిగి, టెర్పీనుల పట్టికలో పట్టుమని పది పేర్లయినను మిగులలేదు.

లిమొనీను కథలో నొక ముచ్చట యున్నది. పై తరగతుల విద్యార్థులు శ్రద్ధతో వినవలెను. కుడికాలి జోడు ఎడమకాలికి పట్టదన్నట్లు, కొన్ని అణువులు కుడి రూపముగాను ఎడమ రూపముగాను రెండు విధముల నుండును. ఒకటి మఱియొకదానికి అద్దములోని నీడ. కమలాపండు తొక్కలో కుడి రూపపు లిమొనీను, కొన్ని శీతలదేశపు దేవదారు జాతుల ఆకులలో ఎడమ రూపపుది దొరకును. రెండింటి బ్రోమిను స్ఫటికములును 104 డిగ్రీల ప్రాంతముననే కరగును. అయితే డైపెంటీను అనబడు మఱియొక టెర్పీను యొక్క స్ఫటికములు 125 డిగ్రీలకు గాని కరగవు. కనుక అది వేఱు పదార్థమని యందఱును తలంచిరి. వాలక్ కుడి స్ఫటికములను ఎడమ స్ఫటికములను సమభాగములుగా కలిపి చూచెను. ఆ మిశ్రమమునుండి ఏర్పడిన స్ఫటికములు 125 డిగ్రీలవద్ద కరిగెను! డైపెంటీను వేఱు పదార్థము కాదు. కుడి యెడమ లిమొనీనులు చెరిసగము చేరినదే. ఇట్టి అద్దపునీడల భేదము ముక్కునకును తెలియును: సీమ జీలకఱ్ఱ వాసనను కలిగించునదియు, మన పుదీనా వాసనను కలిగించునదియు కార్వోను అను ఒకే పదార్థముయొక్క రెండు రూపములు.

1887 లో ఆయన మఱియొక గొప్ప సంగతిని సూచించెను. రబ్బరును వేడిచేయగా వచ్చు ఐసోప్రీను అను చిన్న పదార్థములో 5 కార్బను పరమాణువులు, 8 హైడ్రోజను పరమాణువులు ఉన్నవి. రెండు ఐసోప్రీనులు చేరినచో 10 కార్బనులు, 16 హైడ్రోజనులు. అనగా ఒక టెర్పీను. కనుక టెర్పీనులన్నియు ఐసోప్రీను ఇటుకలతో కట్టిన యిండ్లవంటివి యని ఆయన ఊహ. పిమ్మట రుజిక అను పండితుడు ఈ భావమును విస్తరింపజేసి, మూడు ఇటుకలవి, నాలుగు ఇటుకలవి, ఆఱు ఇటుకలవి కూడ గలవని చూపెను. క్యారెట్టు దుంపకు రంగునిచ్చు కెరోటీను ఎనిమిది ఇటుకల కట్టడము. నిజమునకు మొక్క ఐసోప్రీనునే వాడదు. దానికి దగ్గఱి చుట్టమైన ఒక భాస్వర సమ్మేళనమును వాడును. ఈ సంగతి 1950 తరువాతనే తెలిసినది. అయినను ఇటుకల లెక్కలో వాలక్ పొరపడలేదు. (లవంగ తైలములోని యూజెనోలు మాత్రము ఈ కుటుంబములోనిది కాదు, దాని కథ వేఱు. సువాసన గలదెల్ల టెర్పీనని విద్యార్థులు తలంపరాదు.)

1889 లో వాలకునకు గోటింగెన్ విశ్వవిద్యాలయములో రసాయనశాలాధ్యక్షుని పదవి లభించెను. ఒకప్పుడు వోలర్ కూర్చుండిన పీఠమది. తాను క్రొవ్వొత్తి వెలుతురులో పనిచేసిన ఊరది. అక్కడ ఆయన 26 సంవత్సరములు పనిచేసెను. వివాహము చేసికొనలేదు. శిష్యులును, ప్రయోగశాలయును, తీరిక వేళల చిత్రకళయు ఆయన సంసారము. 1909 లో తన జీవితకాలపు పరిశోధనలను టెర్పీనులు, కర్పూరములు అను పెద్ద గ్రంథముగా ప్రకటించి, దానిని ఏ రాజునకును గాక తన శిష్యులకు అంకితము చేసెను. ఆయన వద్దకు ఇంగ్లాండు, అమెరికా దేశములనుండియు విద్యార్థులు వచ్చుచుండిరి. వారిలో హావర్తు అను ఆంగ్లేయ యువకుడు తరువాత విటమిను సి నిర్మాణమును తెలిపి 1937 లో నోబెల్ బహుమానమును పొందెను.

ఈ విద్య వలన వ్యాపారమునకు కలిగిన మేలు కొంచెము కాదు. పూర్వము నిమ్మ తైలములో చవుక టర్పెంటైనును కలిపి యమ్ముట మోసగాండ్రకు అలవాటు. ఇప్పుడు స్ఫటికములను చేసిచూచి ఆ మోసమును పట్టవచ్చును. ఏ తైలములో నేది వాసన కలిగించునో తెలిసిన పిదప, దానినే మఱియొక చవుక వస్తువునుండి తయారుచేయుట సాధ్యమయ్యెను. టర్పెంటైనునుండి వచ్చు టెర్పినియోలు సబ్బులకు పూలవాసన నిచ్చుచున్నది. మలబారు తీరపు నిమ్మగడ్డి తైలములోని సిట్రాలునుండి, టీమన్ అను మఱియొక జర్మను పండితుడు 1893 లో అయొనోను అనుదానిని చేసెను. అది వయొలెట్ పువ్వుల పరిమళము. కర్పూరము సంగతి యింకను ఆశ్చర్యకరము. ఒకప్పుడది ఫార్మోజా, జపాను దేశముల కర్పూరవృక్షములనుండియే రావలెను. నేడు మన దేశపు గుడులలో హారతికి వెలిగించు కర్పూరములో అధికభాగము సరళవృక్షపు టర్పెంటైనులోని పైనీనునుండి కర్మాగారములలో చేసినదే.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈ తైలములు మేలు చేయునవే గాని ఘాటైనవి. నీలగిరి తైలమును గాని కర్పూరమును గాని చిన్నబిడ్డలు మ్రింగినచో ప్రాణాపాయము కలుగవచ్చును. ఆవిరి పట్టుటకును, పైపూతకును వాడు సీసాలను బిడ్డలకందని చోట నుంచవలెను. మొక్కనుండి వచ్చినదెల్ల నిరపాయకరమను నమ్మకము నిజము కాదు.

1910 వ సంవత్సరమున వాలకునకు రసాయనశాస్త్రములో నోబెల్ బహుమానమిచ్చి గౌరవించిరి. పరిశోధనచే విద్యకును, పరిశ్రమకును గూడ మేలు చేసెనని బహుమానమిచ్చిన వారు ప్రకటించిరి. 1912 లో లండను రాయల్ సొసైటీవారు డేవీ పతకము నిచ్చిరి. జర్మను రసాయన సంఘమునకును ఆయన అధ్యక్షుడుగా నుండెను. కర్మాగారపు గాలికి తట్టుకొనలేని రోగిష్ఠి యువకుడు అరువది దాటి ఇట్టి గౌరవమును పొందుట చూచి మిత్రులు సంతోషించియుందురు.

ఆ సంతోషము ఎక్కువ కాలము నిలువలేదు. 1914 లో ఐరోపా యుద్ధము ప్రారంభమయ్యెను. సముద్రమార్గములు మూతపడెను. అంతకుముందు మన దేశమునుండి వాము మూటలు మూటలుగా జర్మనీకి పోవుచుండెను. అక్కడివారు దానినుండి వాము పువ్వును, అనగా థైమోలును, తీసి లోకమంతటికిని మందుగా అమ్ముచుండిరి. యుద్ధముతో ఆ బేరము నిలిచిపోగా మనవారికి థైమోలు కఱవయ్యెను. మన పొలములో పండిన గింజ సారమునకై మనమే పరదేశమువైపు చూచుచుంటిమని అప్పుడు బోధపడెను. మైసూరు సంస్థానమువారు చందనపు చెక్కను పరదేశములకు పంపుటకు మారుగా, 1916 లో తామే బెంగుళూరులో తైలమును తీయ నారంభించుటయు ఈ యుద్ధపు ఫలితమే.

గోటింగెనులో వాలకునకు తగిలిన దెబ్బ వేఱు విధమైనది. ఆయన ప్రయోగశాలలోని సహాయకులు ఆఱుగురు యుద్ధములో మరణించిరి. బిడ్డలు లేని యా గురువునకు వారే బిడ్డలు. తాను ముప్పది యేండ్లు ఓర్పుతో కట్టిన విద్యను ముందునకు కొనిపోవలసిన చేతులు అవి. ఒక్కొక్క బల్లయు ఖాళీయగుట ఆయన కన్నులార చూచెను. 1915 లో, 68 యేండ్ల వయస్సున, ఆయన పదవిని విడిచెను. ఆ పీఠమును విండౌసు అను పండితుడు స్వీకరించెను. ఆయనయు తరువాత నోబెల్ బహుమానమును పొందెను.

వాలక్ పట్టికలోని ఒక పేరు పిమ్మట కొట్టివేయబడెను. ఆ కొట్టివేత మన దేశమునుండి పోయినదగుటచే ఇక్కడ చెప్పుట యుక్తము. ఉత్తరదేశపు సరళవృక్షముల తైలములో సిల్వెస్ట్రీను అను టెర్పీను ఉన్నదని వాలక్ మొదలగువారు నమ్మిరి. జాన్ సైమన్‌సన్ అను ఆంగ్లేయుడు 1910 మొదలు 1919 వఱకు చెన్నపట్టణపు ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయనాచార్యుడుగా నుండెను. తెలుగు జిల్లాల విద్యార్థులు ఉన్నతవిద్యకై చేరుచుండిన కళాశాల యది. 1914 లో భారత సైన్సు కాంగ్రెసును స్థాపించిన యిద్దఱిలో ఆయన యొకడు. పిదప డెహ్రాడూను అరణ్య పరిశోధనాలయమునకు పోయి, హిమాలయపు సరళవృక్షముల టర్పెంటైనును పరీక్షించి, 1920 లో దానిలో కెరీను అను క్రొత్త టెర్పీనును కనుగొనెను. పరిశోధన సాగిన కొలది, సిల్వెస్ట్రీను చెట్టులో లేనే లేదని తేలెను. స్ఫటికములను చేయుటకై హైడ్రోజను క్లోరైడును కలిపినప్పుడు కెరీనే సిల్వెస్ట్రీనుగా మాఱుచుండెను. అనగా వాలక్ సాధనమే ఆ యొక్కచోట లేని వస్తువును పుట్టించి చూపినది. దానిని కనిపెట్టినవారును ఆయన నేర్పిన మార్గముననే, స్ఫటికములను చేసి, కరగు వేడిని కొలిచి కనిపెట్టిరి.

ఈ సంగతి వెలువడునాటికి వాలక్ జీవించియే యుండెను. 1931 వ సంవత్సరము ఫిబ్రవరి 26 వ తేదిన, ఎనుబది నాలుగవ జన్మదినమునకు ఒక నెల ముందు, ఆయన గోటింగెనులో కన్నుమూసెను. రెండేండ్ల తరువాత జర్మనీలో అధికారమునకు వచ్చినవారు యూదుల వంశమున పుట్టిన ఆచార్యులను విశ్వవిద్యాలయములనుండి వెళ్లగొట్టిరి. ఆ దినములు చూడకుండ ఆయన పోయెను. గోటింగెను నగర శ్మశానవాటికలో ఆయన సమాధి నేటికిని ఉన్నది. విండౌసు సమాధియు ఆ తోటలోనే యున్నది.